చిన్న ఆఫీసులో “సిస్టమ్ స్లోగా ఉంది” అంటే ఐటీ కన్సల్టెంట్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పెద్ద సంస్థలో ఏడేళ్లు సపోర్ట్‌లో పనిచేసి ఈమధ్యే బయటికొచ్చి సొంతంగా కన్సల్టింగ్ మొదలుపెట్టాను. పదిహేను మంది ఉన్న ఒక ఆఫీసు వాళ్లు పిలిచారు. వెళ్లగానే ఒకేసారి అన్నీ చెప్పారు: సిస్టమ్‌లు స్లో, ప్రింటర్ రోజూ మొరాయిస్తుంది, మెయిళ్లు అవతలివాళ్లకి స్పామ్‌లోకి పోతున్నాయి, నెట్ ఉన్నట్టుండి పోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, సర్వర్ పాతదైపోయింది, కొత్తది పెట్టించుకోండి అని చెప్పి వచ్చేశాను. అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటి చోట అసలు ఏం చేస్తారు? ఫీజు గంటల లెక్కనా, నెల లెక్కనా?

సమాధానం:

ఆ సర్వర్ కొటేషన్ ఇంకా పంపకపోతే ఆపేయండి. పంపేసి ఉంటే రేపు ఫోన్ చేసి, “తొందరపడి చెప్పాను, ఒక పూట వచ్చి సరిగ్గా చూసి మాట్లాడతాను” అనండి. పరువేమీ పోదు. నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మొదట్లో నేనూ ఇలాగే రెండు చోట్ల సర్వర్లు పెట్టించాను. ఒకటి నిజంగా అవసరమే. రెండోది ఎందుకు పెట్టించానో ఇప్పటికీ నాకే తెలియదు.

పెద్ద సంస్థలో సమస్య మీ చేతికొచ్చేసరికే సగం తేలిపోయి ఉంటుంది. ఏ యంత్రం, ఏ అప్లికేషన్, ఏ ఎర్రర్ అన్నది టికెట్‌లోనే రాసి ఉంటుంది. నెట్‌వర్క్‌దైతే నెట్‌వర్క్ వాళ్లకి, మెయిల్‌దైతే మెయిల్ వాళ్లకి పోతుంది. చిన్న ఆఫీసులో ఆ సగం పనీ మీదే. వాళ్లు చెప్పేది ఒకటే మాట, “స్లోగా ఉందండీ.” ఆ మాట వెనక నేను చూసినవి చెప్తాను. సిస్టమ్ ఆన్ అవడానికి ఐదు నిమిషాలు. షేర్డ్ ఫోల్డర్‌లో ఫైల్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉండటం. వీడియో కాల్‌లో మాట తెగిపోవడం. పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడగడం. ఒక చోటైతే కీబోర్డులో ఎంటర్ మీట సగం అరిగిపోయి నాలుగుసార్లు నొక్కితే గానీ పడేది కాదు. అదీ వాళ్ల లెక్కలో స్లోనే.

అందుకని మొదటి గంట నేను మౌస్ ముట్టుకోను. పని చేసే మనిషి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. “మీరు రోజూ చేసేదే చెయ్యండి, నేను చూస్తాను” అంటాను. ఎక్కడ ఆగిందో ఆ క్లిక్, ఆ టైమ్, ఎన్ని సెకన్లు పట్టిందీ కాగితం మీద రాసుకుంటాను. యజమాని గది నుంచి చూస్తే కనబడేది వేరు, ఆ సీట్లోంచి చూస్తే కనబడేది వేరు. యజమాని మిమ్మల్ని తన గదిలోనే కూర్చోబెట్టి అంతా వివరిస్తానంటారు. మర్యాదగా వినండి, కానీ దాని మీద మాత్రం నిర్ణయానికి రాకండి.

ఇది నాకు నేర్పింది ఒక కుర్చీ. ఒక ఆఫీసులో బిల్లులు కొట్టే ఆవిడ సిస్టమ్ సంగతి చూడమని పిలిచారు. బిల్లు సేవ్ చేస్తే ఒక్కోసారి నిమిషం దాకా పట్టేది. పక్క సీట్లో అదే సాఫ్ట్‌వేర్‌కి రెండు సెకన్లు చాలు. ఆ సీటుకి అప్పటికే రెండు కొత్త కంప్యూటర్లు మార్చారట. నేను వెళ్లి ఆవిణ్ణి లేవమని, నిలబడే నాలుగు బిల్లులు కొట్టాను. టకటకా సేవ్ అయ్యాయి. “మీరొస్తే బాగానే పనిచేస్తుంది లెండి” అని ఆవిడ నవ్వారు. ఈ మాట మీరు ముందు ముందు వారానికోసారైనా వింటారు, నవ్వేసి వదిలేయకండి. ఆవిణ్ణే కూర్చుని చెయ్యమన్నాను, ఆగింది. లేచి నిలబడి చెయ్యమన్నాను, పోయింది. మళ్లీ కూర్చోమన్నాను, ఆగింది. వంగి చూస్తే గోడ నుంచి వచ్చిన నెట్‌వర్క్ కేబుల్ ఆవిడ కుర్చీ చక్రం కింద నలిగి చదునైపోయి ఉంది. ఆఫీసు కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో ఆ పోర్టు ఎర్రర్ల లెక్క తీస్తే ఆవిడ కూర్చున్న ప్రతిసారీ పెరుగుతోంది.

కేబుల్ పూర్తిగా తెగితే అందరికీ తెలుస్తుంది. నలిగితే తెలియదు. దెబ్బతిన్న డేటా ముక్కని అవతలి యంత్రం పారేస్తుంది, పంపినవాడు కాసేపు చూసి మళ్లీ పంపుతాడు. ఆ ఎదురుచూపే తెర మీద స్లోగా కనబడుతుంది. ఇంకో సంగతి: ఆ కేబుల్లో ఎనిమిది తీగలు, అంటే నాలుగు జతలు ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు చాలు. ఒక జత పోతే చాలా పరికరాలు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. ఎర్రర్ రాదు, లైట్ ఆరదు. అందుకే కొత్త ఆఫీసుకి వెళ్లిన మొదటి రోజే ప్రతి సిస్టమ్‌లో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో రాసుకుంటాను. అరగంట పని. ఎన్నిసార్లు ఈ ఒక్క లెక్కే కేసు తేల్చేసిందో చెప్పలేను.

తర్వాత అడగాల్సింది, ఏం మారింది అని. “ఏమీ మార్చలేదండీ” అనే జవాబు వస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. టేబుల్ ఈ మూల నుంచి ఆ మూలకి జరపడం, కొత్త మనిషి చేరడం, ఎవరో వైఫై డబ్బా ఒకటి ఇంటి నుంచి తెచ్చి పెట్టడం వాళ్ల దృష్టిలో కంప్యూటర్లలో మార్పు కాదు. కాబట్టి ప్రశ్న మార్చి అడగాలి. చివరిసారి బాగా పనిచేసింది ఎప్పుడు? ఆ వారంలో ఆఫీసులో ఏం జరిగింది? ఎవరు కొత్తగా వచ్చారు? ఏ సామాను జరిపారు?

మీ వాళ్లకి నెట్ ఉన్నట్టుండి పోతోందన్నారు కదా, ఒక అనుమానం చెప్తాను. కొందరికి పోయి కొందరికి ఉంటే, పోయినవాళ్ల ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ యంత్రానికి ఇచ్చిన నంబరు, చూడండి. ఒకరికి 192.168.1 అని, ఇంకొకరికి 192.168.0 అని ఉంటే ఆఫీసులో అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరున్నట్టే. నేను చూసిన చోట, మీటింగ్ రూములో సిగ్నల్ రావడం లేదని ఒక కుర్రాడు తన పాత రౌటర్ తెచ్చి గోడ పోర్టుకి తగిలించాడు. పాపం మంచి ఉద్దేశంతోనే. ఆ రౌటర్లోనూ డీహెచ్‌సీపీ, అంటే అడ్రస్‌లు పంచే ఏర్పాటు, నడుస్తోంది. ఇక ఏ యంత్రం అడ్రస్ అడిగినా ఇద్దరూ జవాబిస్తారు, ముందు వచ్చిన జవాబునే యంత్రం పట్టుకుంటుంది. అందరికీ ఒకేసారి ఎందుకు పోలేదంటే, ఒకసారి తీసుకున్న అడ్రస్‌కి గడువు ఉంటుంది. సగం గడువు దాటాక యంత్రం ఇచ్చినవాడినే అడిగి పొడిగించుకుంటుంది, కాబట్టి రోజూ ఆన్‌లో ఉండే సిస్టమ్‌లు బాగానే ఉంటాయి. ఆపి ఆన్ చేసినవాళ్లలో కొందరు రెండో డబ్బా వలలో పడతారు. రోజుకొకరికి పోతుంటే ఆఫీసంతా దయ్యం పట్టినట్టు అనుకుంటారు. ఆ రౌటర్లో డీహెచ్‌సీపీ ఆపేసి, దాని అడ్రస్ మార్చి, కేబుల్‌ని లాన్ పోర్టులోనే ఉంచితే కథ ముగుస్తుంది. ఆ కుర్రాణ్ణి అందరి ముందూ నిలదీయకండి. అతనే రేపు మీకు ఆ ఆఫీసులో కళ్లూ చెవులూ అవుతాడు.

అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం లెక్క వేరు. అడిగితే ఎవరూ జవాబివ్వలేదని, యంత్రం తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. కేబులో, స్విచ్చో చూడండి. లేదా రౌటర్ దగ్గర పంచడానికి అడ్రస్‌లే అయిపోయాయేమో చూడండి. పదిహేను మందే కదా అనుకోవద్దు, ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, వచ్చిపోయే అతిథులు అన్నీ కలిపి లెక్కపెట్టండి.

వెతికే పద్ధతి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మీకు తెలిసిందే. దారిని సగానికి కోసుకుంటూ పోవడం. ముందు గేట్‌వేకి, అంటే ఆఫీసు రౌటర్‌కి, పింగ్ (“ఉన్నావా” అని పలకరింపు), తర్వాత బయటి అడ్రస్‌కి, తర్వాత పేరుతో. గేట్‌వే పలికి బయటిది పలకకపోతే తప్పు రౌటర్ దగ్గరో ఆ పైనో ఉంది. బయటి అడ్రస్ పలికి పేరు పలకకపోతే తప్పు పేరుకి అడ్రస్ వెతికిచ్చే డీఎన్ఎస్‌లో ఉంది. ఒకసారి ఒకటే మార్చండి. మూడు మార్చాక బాగుపడితే దేనివల్ల బాగుపడిందో మీకు తెలియదు, మళ్లీ పోయినప్పుడు మొదటికొస్తారు. ఒక్క సిస్టమ్‌లోనే ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ హెచ్చరిక వస్తోందంటే, మిగతావన్నీ వదిలేసి మూలన ఉన్న గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోతే తేదీ కొన్నేళ్లు వెనక్కి పోతుంది. ఆ తేదీకి ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టలేదు, బ్రౌజర్ నమ్మదు. చిన్న బ్యాటరీతో పోయేదానికి విండోస్ మళ్లీ ఎక్కించిన వాళ్లని చూశాను.

ఇప్పటిదాకా చెప్పినవి వాళ్లు ఫిర్యాదు చేసినవి. వాళ్లు ఫిర్యాదు చేయనివాటి దగ్గరే అసలు ప్రమాదం ఉంటుంది, అందులో మొదటిది బ్యాకప్.

“బ్యాకప్ ఉందా?” అని అడగకండి. ప్రతివాళ్లూ ఉందనే అంటారు. “పోయిన మంగళవారం నాటి ఫలానా ఫైల్ ఒకటి ఇప్పుడు నా ముందు వెనక్కి తెచ్చి చూపించండి” అనండి. నేను ఇది మొహం పగలగొట్టుకుని నేర్చుకున్నాను. మొదట్లో ఒక ఆఫీసుకి రాత్రిపూట బ్యాకప్ నేనే పెట్టాను. రోజూ పచ్చ గుర్తు వచ్చేది, నేనూ నిశ్చింతగా ఉన్నాను. పదకొండు నెలల తర్వాత డిస్క్ పోయింది. రిస్టోర్ చేస్తే వేల ఫైళ్లు వచ్చాయి, ఒక్కటి రాలేదు. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ రాత్రంతా తెరిచే ఉంచేవారు, అందుకని దాని డేటా ఫైల్ లాక్‌లో ఉండేది, బ్యాకప్ దాన్ని రోజూ దాటేసి పోయేది. లాగ్‌లో అడుగున “1 ఫైల్ వదిలేయబడింది” అని ప్రతి రాత్రీ రాసి ఉంది. ఆ ఆఫీసు మొత్తానికి ప్రాణం ఆ ఒక్క ఫైలే. ప్రింటు తీసిన బిల్లులు చూసి మూడు వారాలు తిరిగి ఎక్కించారు. అందులో ఒక వారం నేనూ కూర్చుని టైపు చేశాను, ఫీజు తీసుకోలేదు. ఆ యజమాని నన్ను తీసేయకపోవడం నా అదృష్టం.

ఇలాంటివి చిన్నవాళ్లకే జరుగుతాయని కాదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తుడిచేశాడు. బ్యాకప్, రెప్లికేషన్ (ఇంకో యంత్రంలో ఎప్పటికప్పుడు నకలు ఉంచడం) కలిపి ఐదు ఏర్పాట్లున్నాయి, అవసరానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. రోజూ తీయాల్సిన డేటాబేస్ కాపీ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోంది. ఫెయిలైందని హెచ్చరించే మెయిళ్లేమో డీమార్క్ అనే మెయిల్ తనిఖీలో తిరస్కరించబడి ఎవరికీ చేరడం లేదు. ఆరు గంటల ముందు ఇంకో పనికోసం ఒకరు చేత్తో తీసిపెట్టిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణపు నకలు, ఉండబట్టి బతికారు. ఇదంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు. అప్పటి నుంచి నేను ఫెయిలైతే మెయిల్ రావాలన్న ఏర్పాటుని నమ్మను. బాగా జరిగినా మెయిల్ రావాలి. రాని రోజు ఫోన్ చేసి కనుక్కుంటాను.

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట అనే పాత లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. దానికి నేను ఒకటి కలుపుతాను: కనీసం ఒక కాపీ ఏ కేబుల్‌కీ తగిలి ఉండకూడదు. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డ్రైవ్‌ని కూడా తాళం వేసి పోతుంది. రెండు డిస్కుల్లో ఒకే డేటాని ఒకేసారి రాసే అద్దం (మిర్రర్) అమరిక బ్యాకప్ కాదు, ఒక దాంట్లో తుడిస్తే రెండో దాంట్లోనూ తుడుచుకుపోతుంది. క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్ కూడా అంతే, పాత వెర్షన్లు ఎన్నాళ్లు దాస్తారో చూసుకుంటే తప్ప. ఇక అప్‌డేట్ల సంగతి. 2017లో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పురుగు వాడుకున్న లొసుగుకి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. దాడి మొదలైంది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలున్నాయి. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ వేసుకున్న యంత్రాల దగ్గర ఆ పురుగు ఆటలు సాగలేదు.

మెయిళ్లు స్పామ్‌లోకి పోవడం ఇప్పుడు చాలా చోట్ల వినబడుతోంది. కారణం దాదాపు ఎప్పుడూ డీఎన్ఎస్‌లో పెట్టిన రికార్డుల్లోనే దొరుకుతుంది. మీ డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) పేరుతో మెయిల్ పంపే హక్కు ఎవరెవరికుందో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద సంతకం డీకిమ్. ఈ రెంటిలో ఏదీ డొమైన్‌తో సరిపోలకపోతే ఏం చెయ్యాలో అవతలివాడికి చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా పట్టుపడుతున్నాయి. తమ వాడుకరులకు రోజుకి 5,000 పైన పంపేవాళ్లకి మూడూ ఉండాలని, మిగతావాళ్లకి కనీసం ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలని జీమెయిల్ నిబంధన. చిన్న ఆఫీసుల్లో నేను తరచూ చూసే తప్పు: మొదట మెయిల్ సర్వీసుకి ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు పెడతారు, తర్వాత ఇన్వాయిసులు పంపే సర్వీసు కొంటారు, వాడి సూచనల్లో ఉన్నట్టే ఇంకో ఎస్‌పీఎఫ్ రికార్డు కలుపుతారు. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒకటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. రెంటినీ కలిపి ఒక వరుసగా రాయడం ఐదు నిమిషాల పని. ఆ ఒక్క వరుసలో కూడా డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు, అదీ చూసుకోండి.

ఆ డీఎన్ఎస్ తెరవబోతే అసలు సంగతి బయటపడుతుంది. డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? ఎప్పుడో వెబ్‌సైట్ చేసి ఇచ్చిన వ్యక్తి పేరు మీదో, మానేసి వెళ్లిపోయిన ఉద్యోగి పేరు మీదో ఉంటుంది. రెన్యువల్ హెచ్చరికలు ఎవరూ చూడని మెయిల్‌కి పోతుంటాయి. ఇంకా ఘోరమేంటంటే, అదే డొమైన్ మీదున్న మెయిల్‌కి పోతుంటాయి. గడువు దాటి డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది, ఇక హెచ్చరిక వచ్చే దారే ఉండదు. డొమైన్ యజమాని పేరు మీదికి మార్పించడం, హెచ్చరికలు బయటి మెయిల్ ఒకదానికి వెళ్లేలా పెట్టడం నేను మొదటి నెలలోనే చేయిస్తాను. సర్వర్ పాతదైతే ఓ ఏడాది ఓర్చుకోవచ్చు, పేరు చేజారితే ఓర్చుకోలేం.

మెయిల్ పెట్టెలకి రెండంచెల లాగిన్ పెట్టించండి, గొణిగినా సరే. పెట్టాక ప్రతి పెట్టెలో ఫార్వర్డింగ్ రూల్స్ తెరిచి చూడండి. లోపలికి దూరిన దొంగ వెంటనే గొడవ చేయడు. “ఇన్వాయిస్” అన్న మాట ఉన్న మెయిళ్లన్నీ తనకో కాపీ వచ్చేలా పెట్టుకుని వారాల తరబడి చదువుతాడు. ఒక రోజు మీ సప్లయర్ పేరుతో, మీ సప్లయర్ ధోరణిలోనే, “మా బ్యాంకు ఖాతా మారింది” అని రాస్తాడు. చిన్నవాళ్లు అమాయకులని కాదు. 2013, 2015 మధ్య ఫేస్‌బుక్, గూగుల్ లాంటివే నకిలీ ఇన్వాయిసులకి 10 కోట్ల డాలర్లకు పైగా చెల్లించేశాయి. దీనికి నేను ఏ సాఫ్ట్‌వేరూ అమ్మను. ఖాతా మారిందని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకి కాకుండా, మీ దగ్గర ముందు నుంచి ఉన్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు కదలాలని అకౌంట్స్ వాళ్ల చేత రాయించి గోడకి పెట్టిస్తాను.

ఎక్సెల్ గురించి ఒక్క మాట. మీ ఆఫీసులోనూ సగం వ్యాపారం ఒకే పెద్ద షీటు మీద నడుస్తూ ఉంటుంది, పందెం. దాన్ని చూసి నవ్వకండి, మొదటి ఏడాది తీసేయించకండి కూడా. ఆ షీటులో ఆ ఆఫీసు పని పద్ధతి అంతా ఉంటుంది, అది మీకు అర్థమయ్యేదాకా కొత్త సాఫ్ట్‌వేర్ ఏది కావాలో కూడా మీకు తెలియదు. ఫైల్ ఏ ఫార్మాట్‌లో ఉందో మాత్రం చూడండి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో వరుసలు 65,536 దగ్గర ఆగిపోతాయి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయింది ఈ హద్దు దగ్గరే.

మరి కొత్తవి ఎప్పుడు కొనిపించాలి? పాత తిరిగే డిస్కులున్న చోట వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయిస్తే ఖర్చుకి తగ్గ తేడా మొదటి రోజే కనబడుతుంది. విండోస్ 10కి ఉచిత సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని యంత్రం విండోస్ 11 నిబంధనలకి నిలవదు. కాబట్టి ఆ జాబితా తయారుచేసి ఏది ఎప్పుడు మార్చాలో ఏడాది పొడుగునా విడదీసి ఇవ్వండి. సర్వర్ లాంటి పెద్దవాటికి ముందు యజమానిని ఒకటే అడుగుతాను: పని వేళలో ఒక గంట ఆగితే మీకు ఎంత పోతుంది? కొందరికి పెద్దగా పోదు, కాఫీ తాగి వస్తారు. కొందరికి ఆ గంటలో వాహనాలు గేటు దగ్గర నిలిచిపోతాయి. అమ్మేవాళ్లు 99.9 శాతం సమయం ఆగకుండా నడుస్తుందని ఊరిస్తారు, లెక్క వేసి చూపిస్తే అది ఏడాదికి దాదాపు ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాల ఆగుడు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక నిర్ణయం యజమానే తీసుకుంటారు, మీరు ఒప్పించక్కర్లేదు. స్లో అన్నారని కారణం తేలకముందే సర్వర్ మార్చడం ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకోవడమే. నలిగిన కేబుల్ కొత్త సర్వర్‌కీ నలిగిన కేబులే.

చేసిందల్లా రాసిపెట్టండి. ఏ సీటు ఏ పోర్టుకి, ఏ పరికరానికి ఏ అడ్రస్, ఏ సేవ ఎవరి పేరు మీద, ఎప్పుడు రెన్యువల్. పాస్‌వర్డ్‌లు పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి, దాని తాళం యజమాని దగ్గర సీలు వేసిన కవర్లో ఉండాలి. మీకు జ్వరమొస్తే ఇంకొకరు వచ్చి పని చేయగలగాలి. దీనివల్ల మిమ్మల్ని వదిలేస్తారేమో అని భయం ఉంటుంది, నాకూ ఉండేది. నా అనుభవంలో కాగితాలు చేతికిచ్చిన తర్వాత ఒక్కరూ వదల్లేదు, తాళాలు జేబులో పెట్టుకున్నవాళ్లనే ఏదో ఒక రోజు వదిలించుకున్నారు. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని డేటాకి వేసే తాళం) రికవరీ కీలు కూడా కాగితం మీద ఉండాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అప్‌డేట్ తప్పిదంతో 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. మందు సులువే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ తీసేయడం. కానీ విండోస్ డిస్క్ తాళం బిట్‌లాకర్ ఉన్న యంత్రంలోకి అలా వెళ్లడానికి 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ అదే యంత్రంలో దాచుకుంటే ఏం లాభం?

ఫీజు సంగతి. మొదటి పరిశీలనకి ఒకటే మొత్తం చెప్పండి, నివేదికతో సహా. మిమ్మల్ని పెట్టుకోకపోయినా ఆ నివేదిక వాళ్లదే. తర్వాత నెలవారీగా మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది. గంటల లెక్కలో ఎక్కువ చెడితే మీకు ఎక్కువ వస్తుంది, పైగా మీటరు తిరుగుతోందని వాళ్లు ఫోన్ చేయడానికి వెనకాడతారు. చిన్నదని ఊరుకున్నదే నెలకి పెద్దదై మీ నెత్తిన పడుతుంది. నెలవారీలో ఏది ఉంది, ఏది లేదు అన్నది స్పష్టంగా రాసుకోండి. ఇల్లు మారినట్టు ఆఫీసు మారడం, కొత్త శాఖ తెరవడం లాంటివి విడిగా ఉండాలి. పరికరాలు అమ్మేవాళ్లు కమీషన్ ఇస్తామంటారు. నేను తీసుకోను. మీరు తీసుకుంటే మటుకు ఆ విషయం యజమానికి కాగితం మీదే చెప్పండి. తెలియనిది అడిగితే “తెలియదు, రేపటికి కనుక్కుని చెప్తాను” అనండి, రేపే చెప్పండి.

ఇక మీ పదిహేను మంది ఆఫీసు. రెండో విడత వెళ్లినప్పుడు ఏదీ ముట్టుకునే ముందు అకౌంట్స్ డేటా, షేర్డ్ ఫోల్డర్ బయటి డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి, ఆ కాపీలోంచి ఒక ఫైల్ తెరిచి చూసి, డ్రైవ్ ఊడదీసి యజమాని చేతికివ్వండి. తర్వాత సీటు సీటుకీ తిరిగి అడ్రస్, లింక్ స్పీడ్ రాసుకోండి. నెట్ పోయే సంగతి అక్కడే సగం తేలుతుందని నా నమ్మకం. ఎస్‌పీఎఫ్ ఇంటికొచ్చాక కూడా చూడొచ్చు.

ప్రింటర్ మాత్రం ఆ రోజే తేల్చేయండి. మిగతా పనులు మీకూ యజమానికీ మాత్రమే కనబడతాయి, ప్రింటర్ పదిహేను మందికీ కనబడుతుంది. ఆన్ చేసినప్పుడల్లా దానికి కొత్త అడ్రస్ వస్తుంటుంది, సిస్టమ్‌లన్నీ పాత అడ్రస్‌కే పంపుతుంటాయి. తొంభై పాళ్లు ఇంతే ఉంటుంది. రౌటర్లో దాని పేర అడ్రస్ రిజర్వ్ చేసి, ప్రతి సిస్టమ్‌లోనూ పాత పోర్టు తీసేసి ఆ అడ్రస్‌తో టీసీపీ/ఐపీ పోర్టు పెట్టండి. ఒక టెస్ట్ పేజీ తీసి, దాని మీదే పెన్నుతో అడ్రస్ పెద్దగా రాసి ప్రింటర్ పక్కన గోడకి అతికించి రండి.